లింగవ్వ వదినె బోదెలు

అక్టోబర్ 3, శుక్రవారం

పదకొండేండ్లయింది. లింగవ్వ వదినె ఆ మాటను ఇంతవరకు వాపసు తీసుకోలేదు.

నేను బొగ్గు బాయి పని నుంచి రిటైరైన నెల అది. కమాన్‌పూర్ దగ్గర మా ఊళ్లో, మా చేని గట్టు మీద, పదిమందిలో అన్నది. ఇకమీదట నా చేను నేనే చేసుకుంటాను అన్నాను. నేనన్నది అంతే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ముప్పై ఆరేండ్లు మట్టి కింద ఉన్నోనివి. మట్టి మీద నీకేం తెలుస్తది సదయ్యా?" అన్నది. అందరూ నవ్వారు. నా షిఫ్టు వాళ్లు కూడా నవ్వారు.

చనిపోయిన మా అన్న భార్య ఆమె. అన్న తన వాటాను జబ్బు చేసినప్పుడే అమ్ముకున్నాడు. నా ముప్పై గుంటలు, అంటే ముప్పావెకరం, ఆ ఏడు మొదట్లోనే ఆమెకు పాలుకు ఇచ్చాను. ఆ మాట అన్న తర్వాత కూడా వెనక్కి తీసుకోలేదు. మోకాలు బాగాలేక తీసుకోలేదు, వేరే కారణం ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఆమెతో నేరుగా మాట్లాడను. మేం ఊరు విడిచి గని కాలనీలో ఉంటున్నాం కాబట్టి, ఏదన్నా చెప్పాల్సి వస్తే మా కోడలు శోభ ఫోన్లో చెబుతుంది.

ఈ డైరీ ఇచ్చింది కూడా శోభే. "మామా, పొద్దంత మా మీద ఒర్రకు. గిండ్ల రాసుకో. మేం సదువం, ఒట్టు" అన్నది. యూనియన్ వాళ్లు పంచిన పాత డైరీ. అందులోని తేదీలు కొట్టేసి రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది రాత్రి బడిలో. ఒక్క పేజీకి గంట పడుతుంది. పట్టనీ.

అక్టోబర్ 5, ఆదివారం

మా కొడుకు భూపాల్ డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేయకముందే మొదలుపెట్టాడు.

"బాపూ, మట్టి తోలే కాంట్రాక్టరు మళ్లా అడిగిండు. మన చెల్క మట్టి మంచిగున్నదట. రెండు ఫీట్లు తీస్కపోతడు. తర్వాత భూమి మనకే."

"రెండు ఫీట్లు తీసినంక మనకు మిగిలేదేంది? గుంతనా?"

"పెద్దమ్మకు డెబ్బై మూడేండ్లు. ఇంకెన్నొద్దులు చేస్తది? నువ్వా పోవు. నాకా డ్యూటీ."

శివరాత్రికి ఆమె కందగడ్డలు తీస్తుంది, తీసినాక చెబుతాను అన్నాను. వదినెకు ఆ ముప్పై గుంటలు తప్ప ఇంకో ఆధారం లేదు. నాకు తెలుసు. తెలిసే అన్నాను. మాట వాపసు తీసుకుంటే అప్పుడు ఆలోచిస్తాను.

అక్టోబర్ 9, గురువారం

మంథని నుంచి ఒక పిల్ల వచ్చింది. పేరు ప్రవల్లిక. వ్యవసాయ కాలేజీలో పెద్ద చదువు చదువుతోంది. మన చిన్న రైతులు కందగడ్డ ఎట్లా పండిస్తున్నారు, ఎంత భూమికి ఎంత పని చేసి ఎంత పంట తీస్తున్నారు, అది ఆమె పరీక్షకు రాయాలట. కందగడ్డను ఆమె చిలగడదుంప అంటుంది. అననీ.

చేను నా పేరు మీద ఉంది కాబట్టి నా సంతకం కావాలంది. చేను దగ్గరే పెడతానని చెప్పి, ఆమె స్కూటీ వెనకాల కూర్చుని పోయాను.

"ముప్పై ఆరు చేన్లు తిరిగాను తాతగారూ. లింగవ్వగారిది వేరు. ఆవిడ తక్కువ పనితో ఎక్కువ తీస్తారు. ఎట్లా అంటే ఆవిడకు చెప్పడం రాదు, నాకు చూడటం రాదు" అన్నది.

అప్పుడు నా నోటికి వచ్చింది అనేశాను. "నేను చేస్తే ఇంతకు ఇంత తీస్త."

ఆ పిల్ల వెంటనే, "అయితే ఐదు గుంటలు మీరు వెయ్యండి. పక్కన ఐదు గుంటలు ఆవిడవి. రెండూ కొలుస్తాను" అన్నది. వదినె అక్కడే కూర్చుని తీగ కోస్తోంది. నన్ను చూడలేదు. ఆ పిల్లతో అన్నది: "ఇయ్యి బిడ్డా. భూమి ఆయనదే. అయిదు గాదు, ముప్పై అడిగినా నేను ఆపుతనా? తీగ గూడ నేనే ఇస్త. తీగ అమ్మరు, అడిగినోళ్లకు లేదనరు."

ఇప్పుడు చూస్తుంది.

అక్టోబర్ 14, మంగళవారం

నాటడం అయింది. నాకు మూడు రోజులు, ఇద్దరు కూలీలు. ఆమెకు ఒక్క పొద్దు.

నేను టింబర్‌మన్ పని చేశాను. బాయిలో కర్రలు నిలబెట్టి పైకప్పును ఆపేవాణ్ని. పైన ఏది వదులుగా ఉన్నా నాకు నిద్ర పట్టదు. నా బోదెలను, అంటే తీగ నాటే మట్టి కట్టలను, పార వెనకవైపుతో కొట్టి కొట్టి గోడల్లా తయారు చేశాను. వాన కొట్టినా, మనిషి ఎక్కినా ఇంత కూడా జారదు. మా షిఫ్టు సంపత్ ఆ దారిన పోతూ ఆగాడు.

"సదన్నా, గివి బోదెలా, సమాధులా?"

"నీ నోరు పడిపోను. నా సపోర్టు కింద ముప్పై ఆరేండ్లు బతికినవ్ గదరా."

"గందుకే అడుగుతున్న. గడ్డకు గాలి ఆడాలె గద."

వాడికేం తెలుసు. వాడు బాయిలో పంపు నడిపినవాడు.

ఆమె బోదెలు చూస్తే నవ్వొచ్చింది. ముట్టుకుంటే జారిపోతాయి. ఎండాకాలంలో గొర్ల మందను పది రాత్రులు ఆ చేనులోనే పడుకోబెట్టించిందట. ఎరువు అదే. తీగలో కొస మాత్రమే తీసుకుంది. నాలుగు కణుపులు, జానెడున్నర. రెండు రోజుల ముందే కోసి, తడి గోనె కప్పి నీడన పెట్టింది. నడిమి కణుపులు మట్టిలో, రెండు కొసలు బయట. ఐదుగురు ఆడవాళ్లు బదులు పనికి వచ్చారు. రేపు వీళ్ల చేనుకు ఆమె పోతుంది. ఎండెక్కకముందే లేచిపోయారు.

నేను తీగ మొదలు నుంచి తీసుకున్నాను. ముదురుది బలంగా ఉంటుంది. ఎవరికైనా తెలిసే సంగతే.

అక్టోబర్ 27, సోమవారం

నావి కొన్ని ఎండిపోయాయి. ఎలుకల పని. ఆమెవి ఒక్కటీ ఎండలేదు. ఎలుకలు నా వైపే ఉన్నట్టున్నాయి.

నవంబర్ 8, శనివారం

ఒక మూట యూరియా చల్లాను. దినాం నీళ్లు పెడుతున్నాను.

నవంబర్ 15, శనివారం

నా చేను నల్లగా నిగనిగలాడుతోంది. ఆమె చేను దాని పక్కన పేదరాలిలా ఉంది. ప్రవల్లికను పిలిచి చూపించాను. ఆ పిల్ల ఫోటో తీసుకుంది. సంపత్ అన్నాడు, "ఆకుకూర అమ్ముతవా అన్నా?" అని. ఈర్ష్య.

నవంబర్ 22, శనివారం

ఆటో రాక చేను దగ్గరే నాలుగు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. ఊరికే కూర్చున్నాను కాబట్టి చూసింది రాస్తాను.

పొద్దున వదినె తీగలు లేపింది. కందగడ్డ తీగ నేల మీద పాకుతూ కణుపు కణుపుకు వేరు దించుతుంది. అట్లా వదిలేస్తే బలం అన్ని చోట్లా చిల్లరగా పంచిపెట్టేసుకుంటుంది. మొదలు దగ్గర గడ్డ ఊరదు. అందుకని ఆమె ప్రతి తీగనూ ఎత్తి, చిన్న వేర్లు తెగేట్టు విదిలించి, బోదె మీదికే మళ్లీ పడేస్తుంది. చెయ్యి కిందికి పోవడం, పైకి రావడం, తిప్పడం, మూడూ ఒక్కటే కదలిక. తీగ తెగదు. ఆకు నలగదు. ఒక తీగ పడేస్తుంటే కన్ను అప్పటికే పక్క తీగ మీద ఉంటుంది.

ఇంకోటి. ఆ చేనులో ఆమె ఖాళీ చేతులతో సాలు దాటదు. పోయేటప్పుడు గడ్డి పీక్కుంటూ పోతుంది. ఆ గడ్డిని అవతలి గట్టు మీద మేకకు వేస్తుంది. వచ్చేటప్పుడు మేక కింది పెంట తట్టలో ఎత్తుకొచ్చి, ఆకు పాలిపోయిన చోట పిడికెడు వేస్తుంది. కాలువ దగ్గరికి పోతే నీళ్లు మళ్లించి, అక్కడే ముంత నింపుకుని వస్తుంది. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగిపోవడం నేను చూడలేదు. మర్చిపోయింది ఏదీ లేదు కాబట్టి పోవాల్సిన అవసరం లేదు.

బాయిలో మా కాలంలో ఒకే ఒక్క మనిషి అట్లా పని చేసేవాడు. బొగ్గు టబ్బు ఖాళీగా పోనిచ్చేవాడు కాదు. వాడితో షిఫ్టు చేసిన రోజు మేము ఒళ్లు నొప్పి తెలియకుండా ఇంటికి పోయేవాళ్లం. అటువంటివాణ్ని మళ్లీ చూస్తానని అనుకోలేదు.

నీళ్లు పది రోజులకొకసారి పెడుతుంది. నేను దినాం పెడతాను. ఆమె వంగినప్పుడు నడుము మీద చెయ్యి పెట్టుకోదు. నేను పెట్టుకుంటాను.

ఆటో వచ్చింది. నాలుగు ఆటోలు పోనిచ్చినట్టున్నాను.

నవంబర్ 29, శనివారం

ఇవాళ నేను కూడా తీగ లేపాను. ఆమెను చూసి కాదు. సగం తెగాయి.

డిసెంబర్ 7, ఆదివారం

ప్రవల్లిక తన కాగితంలో రాసుకున్నది చదివింది. ఇప్పటిదాకా నా ఐదు గుంటలకు ముప్పై నాలుగు పనిరోజులు. ఆమె ఐదు గుంటలకు పన్నెండు. పనికి భయపడేవాడు కాదు సదయ్య అని దాని అర్థం. అదే చెప్పాను. ఆ పిల్ల పెదవి బిగించి తల ఊపింది. ఆ బిగింపు నాకు నచ్చలేదు.

డిసెంబర్ 18, గురువారం

వదినె మేకతో మాట్లాడుతోంది. నాకు వినబడేట్టు.

"ఓ మ్యాకా, దినాం నీళ్లు పెడ్తె ఆకు ఊరుతది గాని గడ్డ ఊరదని ఎవరన్న చెప్తె మంచిగుండు గద."

నేను కూడా మేకకే చెప్పాను. "ఎవరి నీళ్లు వాళ్లవి అని చెప్పు."

"యూరియా గూడ గంతేనని చెప్పు మ్యాకా."

"పదకొండేండ్ల కింద అన్న మాట ముందు వాపసు తీస్కొమ్మని చెప్పు."

మేక ఇద్దరి మధ్యా గడ్డి నములుతూ నిలబడింది. వదినె మేక ముందు ఇంకో పిడికెడు గడ్డి వేసింది. తర్వాత, "గా మాట ఇంక యాది పెట్టుకున్నడా? నేనెప్పుడో మర్సిన" అన్నది.

మర్చిపోయిందట. నేను రోజూ తలుచుకున్నదాన్ని ఆమె మర్చిపోయింది. ఇంటికి వచ్చి శోభ మీద అరిచాను. శోభ ఈ డైరీ తెచ్చి నా ముందు పెట్టింది.

జనవరి 3, శనివారం

మొదటి బస్సుకే పోయాను. వదినె ఇంకా రాలేదు. మంచు విడిచే వేళ.

ఆమె బోదెలు పగిలాయి.

ఒక్కటి కాదు. సాళ్లకు సాళ్లు. బోదె నెత్తి మీద నిలువునా, వేలు పట్టేంత పగుళ్లు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ గీత ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. బాయి పైకప్పులో ముందు వెంట్రుకంత గీత వస్తుంది. తర్వాత పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. ఆ చప్పుడు తర్వాత పరుగెత్తడానికి ఎంత టైం ఉంటుందో, ఉండదో, ఇక్కడ రాయను.

ఆలోచించలేదు. పార తీసుకుని దిగాను. పార వెనకవైపుతో కొట్టి, బూటుతో తొక్కి, రెండు సాళ్లు పూర్తిగా గట్టి చేశాను. మూడో సాలు సగంలో ఊపిరి అందక ఆగాను.

మేలే చేశాను. ఆమెకు చూపు ఆనదు, పగుళ్లు కనబడి ఉండవు. చెప్పకుండా వచ్చేశాను. మేలు చేసి చెప్పుకోవడం నా పద్ధతి కాదు.

జనవరి 4, ఆదివారం

ప్రవల్లిక ఇంటికి వచ్చింది, నా పనిరోజులు రాసుకోవడానికి. మాటల్లో అడిగాను, ఊరికే, బోదెలు ఎందుకు పగులుతాయి అని.

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "పగిలాయా? లింగవ్వగారివా? లోపల గడ్డ ఊరుతోందన్నమాట తాతగారూ! మట్టి వదులుగా ఉంటేనే అట్లా పైకి నెడుతుంది. పగుళ్ల మీద పొడి మట్టి తేలిగ్గా చల్లాలి, గడ్డను తొలిచే ముక్కుపురుగు దిగకుండా. అంతే. గట్టిగా మాత్రం అదమకూడదు."

"అదిమితే?"

"ఊరడానికి లోపల జాగా ఉండదు కదా."

శోభ చాయ్ తెచ్చింది. తాగాను. చక్కెర వేసిందో లేదో తెలియలేదు.

"మీవి పగిలాయా?" అని ప్రవల్లిక అడిగింది.

"నావి పగల్లేదు" అన్నాను. ఆమె పెన్నుకు మూత పెట్టుకుంది.

జనవరి 5

చేనుకు పోలేదు. మోకాలు.

జనవరి 6

మోకాలు.

జనవరి 7, బుధవారం

పోయాను. వదినె ఆ రెండున్నర సాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేతిలో జానెడు పుల్ల. బోదె పక్కన గుచ్చి, కొద్దిగా కదిలించి, వేలితో మట్టి వదులు చేసి, మళ్లీ బెత్తెడు జరుగుతోంది. వేరుకు తగలకుండా. మూడు రోజుల నుంచి అదే చేస్తోందట. ప్రవల్లిక పక్కన గొంతుక్కూర్చుని ఉంది.

"ఏమైంది అమ్మమ్మా ఇక్కడ?"

"ఎద్దు తొక్కింది బిడ్డా."

"ఎవరి ఎద్దు?"

"ముసలెద్దు. తాడు తెంపుకొని అచ్చింది. దానికేం తెలుసు, పాపం."

నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. చెబుదామనే నోరు తెరిచాను. "ఇయ్యాల ఎండ మంచిగున్నది" అన్నాను.

వదినె తల ఎత్తి చూసింది. నన్ను కాదు, నా బూట్లను. మళ్లీ వంగి పుల్ల గుచ్చింది.

జనవరి 8

చెప్పాలి.

జనవరి 12

చెప్పలేదు.

జనవరి 25, ఆదివారం

భూపాల్ కాంట్రాక్టరును తీసుకుని చేనుకు వచ్చాడు. నేనూ ఉన్నాను. ఆ మనిషి టేపు పట్టి నాలుగు వైపులా కొలిచాడు. వదినె అతనికి ముంతతో నీళ్లు ఇచ్చింది. తన నోటి ముద్ద తీసుకుపోవడానికి వచ్చినవాడికి నీళ్లు ఇచ్చింది.

అతను నా వైపు మట్టి పిడికెడు తీశాడు. పిసికాడు. పారేశాడు. ఆమె వైపు మట్టి తీశాడు. పిసికితే ముద్దయింది, వేలు పెడితే విడిపోయింది. వాసన కూడా చూశాడు.

"గిది నర్సరీలకు పోతది సార్. పక్క చెల్కల ఇట్లాంటి మట్టి లేదు. మీ భూమి మంచి భూమి" అని నాతో అన్నాడు.

నా భూమి మంచి భూమి. పదకొండేండ్ల కింద నేను ఇచ్చినప్పుడు ఆ చేను ఎట్లా ఉండేదో నాకు గుర్తుంది. మొరం. నాగలి దిగేది కాదు. మా నాయన దాంట్లో ఉలవలు తప్ప వేయలేదు. పక్క చెల్కలు ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. ఏటేటా మంద పడుకోబెట్టి, తీసిన తీగలోంచి మేక తినగా మిగిలింది మళ్లీ నేలకే వేసి, పిడికెడు పిడికెడు ఎత్తి పోసి, ఈమె చేసింది ఆ మట్టిని. నేను గనిలో ముప్పై ఆరేండ్లు ఉన్నదాన్ని తవ్వి తీశాను. లేనిదాన్ని చేయలేదు.

అతను సార్ అన్నందుకు నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు. ఇంకా ఏమీ ఖాయం కాలేదు, టేపు చుట్టుకో అన్నాను.

ఫిబ్రవరి 11, బుధవారం

నిన్నంతా గడ్డలు తీశాం. చేతులు నొప్పిగా ఉన్నాయి, అయినా మొత్తం రాస్తాను.

ఆదివారం శివరాత్రి. ఒక్కపొద్దున్నవాళ్లందరికీ కందగడ్డ కావాలి. గోదావరిఖని మార్కెట్ నుంచి బండి పొద్దున్నే వచ్చి నిలబడింది. ముందు నావి తీద్దామన్నాను. తీగ కోస్తే గుట్టంత అయింది. దాని కింద బోదెలు రాళ్లలా ఉన్నాయి. గడ్డపార పెట్టాల్సి వచ్చింది. ఒక్క బోదె పగలగొట్టడానికి సంపత్, నేను ఇద్దరం చెమటలు కక్కాం. లోపల నుంచి వచ్చినవి ఎలుక తోకలు. కొన్ని వంకర తిరిగి, పక్కకు పోవడానికి దారి వెతుక్కున్నట్టు ఉన్నాయి. చూడలేకపోయాను. నా గోడల మధ్య ఇరుక్కుని ఎటూ పోలేక అట్లా అయ్యాయి.

సంపత్ ఒక గడ్డను ఎత్తి, ఏదో జోకు వేయబోయి, నా ముఖం చూసి కింద పెట్టాడు.

మొత్తం రెండు క్వింటాళ్ల పది కిలోలు. అందులో కూడా బండివాడు సగం వద్దన్నాడు.

తర్వాత ఆమెవి. వదినె కొంకితో బోదె పక్కన ఒక్కసారి లాగింది. అంతే, మట్టి తనంతట తాను తప్పుకుంది. ఒక్క మొదలుకు ఐదు, ఆరు. ఎర్రగా, చేతికి నిండుగా, ఒక్కదానికి గాటు లేదు. ఆమె వాటిని లాగదు. కింద చెయ్యి పెట్టి, పసిపిల్ల తల ఎత్తినట్టు ఎత్తుతుంది. ఆడవాళ్లు మన్ను దులిపి కుప్పలు వేస్తున్నారు. ప్రవల్లిక కాంటా దగ్గర నిలబడి రాస్తోంది. రాస్తూ రాస్తూ ఆ పిల్ల నవ్వుతోంది, ఎవరూ ఏమీ అనకుండానే.

ఆ రెండున్నర సాళ్ల దగ్గరికి వచ్చారు. అక్కడ గడ్డలు చిన్నవి. మూడు రోజులు పుల్లతో గుచ్చినా అంతే.

"ఇవి లెక్కలో వద్దు అమ్మమ్మా. ఎద్దు తొక్కింది కదా, మీ తప్పు కాదు. తీసేసి లెక్క వేస్తాను" అన్నది ప్రవల్లిక.

వదినె ఒప్పుకోలేదు. "తూకమెయ్యి. ఒక ఏడు పంది అస్తది, ఒక ఏడు పురుగస్తది, ఒక ఏడు ఎద్దస్తది. గవన్ని పోంగ మిగిలిందే పంట. గది తీసేసి రాస్తె అది నా చేను గాదు."

అప్పుడు నా నోరు తెరుచుకుంది. ఈసారి ఎండ గురించి కాదు.

"ఎద్దు గాదు. నేను."

ఆడవాళ్లు చేతులు ఆపారు. సంపత్ నా వైపు తిరిగాడు. వదినె మాత్రం గడ్డకు అంటిన మట్టిని బొటనవేలితో తీస్తూనే ఉంది.

"ఎరుకే. ఎద్దుకు బూట్లుంటయా?" అన్నది. పదకొండేండ్లలో నాతో నేరుగా అన్న మొదటి మాట. "గాని ఎందుకు తొక్కినవ్? పందెం గెలుద్దామనా?"

"పగుళ్లు చూసిన."

"చూస్తె?"

"కూలుతదనుకున్న."

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అక్కడున్న ఆడవాళ్లలో ముగ్గురి మొగుళ్లు బాయిలో పని చేసినవాళ్లే. సంపత్ తల దించుకున్నాడు.

వదినె చేతిలో గడ్డ కింద పెట్టి లేచింది. "అయ్యో సదయ్యా. ఏ లోకంల ఉన్నవ్ నువ్వు, ఇంక బాయిలనే ఉన్నవా?" అన్నది. తర్వాత అందరూ వినేట్టు, "నాడు నేనన్నది తప్పు. మట్టి తెలువనోడు గట్ల ఉరికి రాడు. నీకు తెలిసిన మట్టి వేరే, గంతే" అన్నది.

పదకొండేండ్లు ఆ మాట కోసం చూశాను. వినగానే ఏం అనాలో కూడా తయారు చేసి పెట్టుకున్నాను. నాడు ఆమె అన్నది నిజమేనని అప్పుడే అర్థమైంది, ఆమె కాదన్నాక.

"నిలవడ్డవేంది? సంచి పట్టుకో" అన్నది. పట్టుకున్నాను.

ఆమె ఐదు గుంటలకు పదకొండు క్వింటాళ్ల నలభై కిలోలు. తొక్కినవి కలుపుకునే. తాను చూసిన ముప్పై ఆరు చేన్లలో ఏదీ దీని దరిదాపుల్లో లేదని ప్రవల్లిక అన్నది. తర్వాత, "ఆవిడకు భూమి సొంతమైతే ఇంకెట్లా చేసేవారో" అని తనలో తాను అనుకుంది. నేను విన్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం

భూపాల్ అడిగాడు. "శివరాత్రి అయిపాయె బాపూ. కాంట్రాక్టరుకు ఏం చెప్పాలె?"

"ఇయ్యనని చెప్పు."

"ఎందుకట్ల?"

"భూమి నాది. అండ్ల మట్టి మీ పెద్దమ్మది. నాది కానిది నేనెట్ల ఇస్త?"

వాడు నన్ను కాసేపు చూశాడు. "గిది ముందే చెప్తె నాలుగు నెలల సంది వాని సుట్టు తిరుగుడు తప్పుండె" అన్నాడు. కోపంగా కాదు. శోభ వంటింట్లోంచి తొంగి చూసింది.

మధ్యాహ్నం చేనుకు పోయాను. వదినె చివరి సాలులో తీగ కోస్తోంది, ఎండాకాలం నారు కోసం. కాంట్రాక్టరును వద్దన్నాను, ఎప్పటిలాగే చేసుకో అని చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను.

"ఎప్పటోలె అంటె ఎట్ల?" అన్నది. "ఏటేటా శివరాత్రికి నీ మొఖం చూసుకుంట కూసోవాల్నా, ఈయేడు ఇస్తడా ఇయ్యడా అని? మంద ఈయేడు పెడ్తె దాని బలం మూడేండ్లు ఉంటది. మూడేండ్లుంటనో లేదో తెల్వని చేనుల నేనెందుకు పెట్టాలె? కాయితం రాసియ్యి. లేకుంటె బదులు పనికచ్చే సారవ్వ చెల్క పది గుంటలున్నది, గండ్ల ఏస్కుంట."

"పది గుంటలు నీకేం సరిపోతయ్?"

"ఐదు గుంటల ఎంత తీసిన్నో చూసినవ్ గద."

ఈ మనిషి నా మీద ఆధారపడి ఉందని పదకొండేండ్లు అనుకున్నాను. తీగ ఆమె దగ్గర ఉంది. చెయ్యి ఆమె దగ్గర ఉంది. నా దగ్గర పట్టా ఉంది.

ఇంకో మాట కూడా అడిగాను. అడగడానికి గట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఆమె నవ్వి, "ఆలోచిస్త" అన్నది.

ఫిబ్రవరి 17, మంగళవారం

పొద్దున్నుంచి కూర్చుని కాగితం రాశాను. మూడు చింపాను. నాలుగోది సంపత్ చేతికి ఇచ్చి పంపాను. దాంట్లో ఏం రాశానో తర్వాత మళ్లీ నేనే మార్చి చెప్పుకోకుండా ఇక్కడ ఎక్కించి పెడుతున్నాను.

లింగవ్వ వదినెకు సదయ్య రాసేది. నా ముప్పై గుంటలు నీకు పదేండ్లకు రాసి ఇస్తున్నాను. నువ్వు ఐదు అడిగినా పదే ఇచ్చేవాణ్ని. మధ్యలో నేను పోయినా, నా కొడుకు నిన్ను లేవమనడానికి లేదు. భూపాల్ కూడా కింద సంతకం పెట్టాడు. నేను అరవకముందే పెట్టాడు. గుంతలు తవ్వడానికి, మట్టి తోలడానికి ఎవరికీ హక్కు లేదు, నాక్కూడా.

ఒకటే షరతు. నిన్న నోటితో అడిగిందే ఇప్పుడు రాసి అడుగుతున్నాను. నన్ను పనిలో పెట్టుకో. వారానికి నాలుగు రోజులు వస్తాను. బదులు పని కింద రాసుకో, నాకు బదులు ఏం చేయాలో తర్వాత చూద్దాం. తీగ లేపడం నేర్పు. ముందు తెంపుతాను, తిట్టు. నువ్వు చెప్పేదాకా బోదె మీద చెయ్యి వేయను. డెబ్బై ఒకటో ఏట ఒకరి కింద పనికి చేరడం నాకు నామోషీ కాదు. మొదటిరోజు బాయిలో దిగినప్పుడు కూడా నాకు ఏమీ రాదు.

ఆలోచిస్తా అన్నావు. ఎంతసేపు ఆలోచిస్తావు? నిన్న కోసిన తీగ గోనె కింద ఉంది. అది నాలుగో రోజు దాటితే నాటడానికి పనికిరాదని నువ్వే ఆ మంథని పిల్లకు చెబుతుంటే విన్నాను. సారవ్వ చెల్కలో నారు పోస్తావో, మన చేనులో పోస్తావో నాకు తెలియాలి. గురువారం, పంతొమ్మిదో తారీకు, మొదటి బస్సు దిగి చేను దగ్గరికి వస్తాను. అప్పటికి ఔనో కాదో చెప్పు. సంపత్‌తో చెప్పి పంపితే ఒప్పుకోను. నా ముఖం చూసి, నీ నోటితో చెప్పాలి. గురువారం, వదినె. శుక్రవారం కాదు.